రూతమ్మ టీచర్ కట్టిన గోడ

మిర్యాలగూడలో మేం అద్దెకుంటున్న ఇంటి మీద ఓనర్ గారు ఇంకో అంతస్తు లేపుతున్నారు. పొద్దున్నే ఇనుప తట్టలో తాపీ గీరుకునే చప్పుడు మొదలవుతుంది. కాసేపటికి తడి సిమెంటు వాసన మెట్ల మీదుగా దిగి మా వంటింట్లోకి వస్తుంది. మా ఆవిడ కిటికీలు మూస్తుంది. గాలి ఆడడం లేదని నేను మళ్లీ తెరుస్తాను. గాలి సంగతి సాకు మాత్రమేనని ఆమెకు తెలుసు. ఆ వాసన తగలగానే నాకు రూతమ్మ టీచర్ ఎదురుగా నిలబడ్డట్టు ఉంటుంది. కొంగు నడుముకు దోపుకొని, కళ్లద్దాల మీద సిమెంటు చుక్కలతో, నా చేతిలోని బకెట్టును చూస్తూ, "ప్రవీణూ, నీళ్లు పొయ్యమన్న, వరద తెమ్మనలే" అంటుంది.

ఆమె సూర్యాపేటలో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయింది. మా చర్చిలో సగం మందికి ఆమే టీచరు. అందుకే ఆరాధనలో ఆమె కూర్చున్న వరుస ఎప్పుడూ కాస్త ఖాళీగా ఉండేది. నేను అప్పుడు ఎం.కామ్ ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఉద్యోగం కూడా నన్ను వెతుక్కుంటోందని, ఇద్దరం దారిలో తప్పిపోయామని మా అమ్మకు చెప్పేవాణ్ని. ఆమె నమ్మినట్టు కనపడలేదు. ఇంట్లో ఖాళీగా ఉన్నవాడు చర్చి పనికైనా పనికొస్తాడని నన్ను టీచర్‌కు అప్పజెప్పింది.

తుఫాను అంటే మా వైపు వాళ్లకు టీవీలో వచ్చే వార్త. సముద్రం మాకు చాలా దూరం. ఆ యేడు తుఫానుకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. తీరం దాటి, కోదాడ దాటి మా మీదికి వచ్చి కూర్చుంది. వాగులు పొంగాయి. నడిగూడెం చుట్టుపక్కల ఊళ్లలో మట్టి గోడలు నానినవి నానినట్టే కూలాయి. మా చర్చి సంఘం వాళ్లం శనివారాలు పోయి ఇళ్లు బాగుచేయాలని నిర్ణయించుకున్నాం. నాయకత్వానికి ఎన్నికేమీ జరగలేదు. రూతమ్మ టీచర్ లేచి నిలబడింది, మిగతావాళ్లం కూర్చుండిపోయాం. మా జట్టులో ఇద్దరు బ్యాంకు గుమాస్తాలు, ఒక ల్యాబ్ టెక్నీషియను, నలుగురైదుగురు పంతుళ్లు, కిరాయికి పిలుచుకున్న ఒక అసలు మేస్త్రి ఉన్నారు. మేస్త్రిని మినహాయిస్తే, గోడల గురించి మాకు తెలిసిందల్లా వాటికి ఆనుకొని నిలబడడమే.

సిమెంటు కోదాడలో తీసుకున్నాం. బస్తాలు ఆటోకెత్తిస్తూ కొట్టాయన, "ఏంటమ్మా, చర్చి కడుతున్నారా?" అని అడిగాడు.

"చర్చికి గోడలున్నయి బాబూ. ఇండ్లకే లేవు" అంది టీచర్.

ఊళ్లోకి పోయిన మొదటి రోజే, ఛాయ్ హోటలు ముందు కూర్చున్న ఒక పెద్దాయన అసలు ప్రశ్న అడిగేశాడు. "అన్నీ మంచిగనే చెప్తున్నరు గని టీచరమ్మా, గోడ కట్టినంక మతం మార్చుకొమ్మంటరా?" చుట్టూ ఉన్నవాళ్లు ఛాయ్ తాగడం ఆపారు. మేం చెప్పులు చూసుకున్నాం. టీచర్ మాత్రం చాలా మామూలుగా, "మేం గోడ మారుస్తం. మతం సంగతి మీరు సూస్కోండ్రి. మా పనోళ్లకు గోడే సరిగ్గా వస్తలేదు, ఇగ మతమెక్కడ మారుస్తరు" అంది. అందరూ నవ్వారు. నవ్వు అయ్యాక ఆమె, "ఈ వాకిట్ల నిలబడి చెప్తున్న. మీ దేవుని జోలికి మేం రాం. ఇది నా మాట" అని ఇంకోసారి చెప్పింది. ఆ రెండోసారి చెప్పినప్పుడు ఆమె గొంతు క్లాసులో గొంతు. పెద్దాయన తన ఛాయ్ గ్లాసు ఆమె చేతికిచ్చాడు. అంతటితో మాకు ఆ ఊళ్లో పని దొరికింది.

సోమమ్మ ఇల్లు మాకు రెండోది. వయసులో టీచర్ కంటే కొంచెం పెద్ద, ఒంటి మనిషి. వెనక గోడ సగం కూలి, పెంకులు దిగిపోయి, ఆమె స్కూలు వరండాలో ఉంటోంది. హుజూర్‌నగర్‌లో తమ్ముడున్నాడు. రమ్మని ఫోన్లు చేస్తున్నాడు. "పోతే మంచిగనే సూస్తడు బిడ్డా," అంది నాతో ఒకసారి, "గని పోతే మళ్ల రాను. నా ఇంట్ల నేను పోతె చాలు నాకు." పోతే అన్నప్పుడు ఆమె ఏ పోవడం గురించి అంటోందో అడగాల్సిన పని లేదు. స్కూలు త్వరలో మళ్లీ తెరుస్తామని, వరండా ఖాళీ చేయాలని అప్పటికే చెప్పి ఉన్నారు. అందుకని ఆ ఇంటి మీద అందరం కొంచెం ఎక్కువగానే పనిచేశాం.

కూలిన సగాన్ని మేస్త్రి లేపాడు. మిగిలిన సగానికి గిలాబు, అంటే సిమెంటు పూత, టీచర్ తనే పట్టింది. స్కూల్లో గదులు కట్టిస్తున్నప్పుడు మేస్త్రీల పక్కన నిలబడి నేర్చుకుందట. ఆమె గిలాబుకు, ఆమె దిద్దిన పరీక్ష పేపర్లకు ఒకటే గుణం. ఎక్కడా ఖాళీ వదలదు. వరదకు గోడ అంతా కొరుక్కుపోయి గుంటలు పడి ఉంది. ఒక్కొక్క గుంటనూ రాయిముక్కలతో పూడ్చి, పైన పూసి, కర్రతో సాపు చేసింది. సాయంత్రానికి ఆ గోడ మీద చేయి పెడితే జారిపోయేలా ఉంది. టీచర్ రెండడుగులు వెనక్కి వేసి తల అటూ ఇటూ వంచి చూసుకుంది. అంత సంతోషం ఆమె ముఖంలో నేను ఎప్పుడూ చూడలేదు. సోమమ్మ వచ్చింది, గోడను చూసింది, చాలాసేపు చూసింది. "శానా కష్టపడ్డరమ్మా" అని దండం పెట్టింది. మేం వ్యాన్ ఎక్కాం.

మళ్లీ శనివారం ఇంకో ఇంటి పనికి పోతే, సోమమ్మ సామాను స్కూలు వరండాలోనే ఉంది. ఆ ఇంటికి తాళం. పెంకులు కొత్తవి, గోడ కొత్తది, మనిషి మాత్రం లేదు. సోమవారం స్కూలు తెరుస్తారు. తమ్ముడు ఆదివారం ఆటో తీసుకొని వస్తున్నాడని ఛాయ్ హోటలు పెద్దాయన చెప్పాడు. టీచర్ తాపీ కింద పెట్టి స్కూలుకు నడిచింది. నేను వెనకాలే పోయాను.

"గోడ ఆరలేదా అక్కా?" అంది టీచర్, వరండాలో ఆమె పక్కన చాప మీద కూర్చుంటూ.

"ఆరింది. మంచిగుంది."

"పైన కారుతున్నదా?"

"చుక్క కారలే. పెద్దమనిషివి, చేతులు పగిలేటట్టు కట్టినవ్. ఏమంటనమ్మా నిన్ను."

టీచర్ ఇంక అడగలేదు. పిల్లలు లెక్క తప్పు చేసినప్పుడు కూడా ఆమె అంతే, తప్పు వాళ్లకే కనపడేదాకా ఊరికే కూర్చునేది. కాకపోతే ఈసారి లెక్క తనది. చివరికి సోమమ్మే అంది. "పొద్దుగూకంగ ఇంట్లకు పోయిన. దీపం ముట్టిచ్చిన. పట్టుకొని నిలబడ్డ. యాడ పెట్టాల్నో తోయలే. ఆర్పేసి, తాళమేసి ఇటొచ్చిన."

ఆ గోడలో ఒక గూడు ఉండేదట. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమె దేవుడి దీపం అందులోనే పెట్టేది. వరద నీళ్లు మసి కడిగేసి, అంచులు కొరికేసి, దాన్ని కూడా ఒక గుంట చేసి వదిలాయి. చర్చి నుంచి వచ్చిన మాకెవరికీ అది గుంట తప్ప ఇంకోటిగా కనపడలేదు. అన్ని గుంటలతో పాటు దాన్నీ టీచర్ పూడ్చింది, చాలా గట్టిగా.

ఒక చెక్క బల్ల కొట్టిస్తే సరిపోతుంది కదా అని నేను సలహా ఇచ్చాను. టీచర్ నా వైపు తిరిగింది. "ఆ దీపానికి సొంత జాగ ఉండంగ కిరాయికి పంపిస్తవా?" అంది. లేచి చీర దులుపుకుంది. "అక్కా, నీ దేవుని జోలికి రానని ఊరి ముందల చెప్పి, మొట్టమొదలు ఆ జోలికే వచ్చిన. తాళంచెవి ఇయ్యి."

గోడ పగలగొట్టడానికి ఉలి, సుత్తి తీసుకొని పోతుంటే మా సంఘ పెద్ద దావీదు గారు సోమమ్మ ఇంటి గుమ్మంలో ఆపారు. చెడ్డవారు కాదు. మొదటి బస్తా సిమెంటు ఆయన ఇంటి నుంచే వచ్చింది. "టీచర్‌గారూ, తెల్వక పూడ్చిన్రు, అయిపాయె. తెలిసి తెరుస్తరా? సంఘం సిమెంటుతోని విగ్రహానికి జాగ కడ్తమా?"

"గూడంటే ఖాళీ పెద్దయ్యా. ఖాళీకి సిమెంటు పట్టది" అంది టీచర్.

ల్యాబ్ టెక్నీషియను దగ్గినట్టు చేసి నవ్వు దాచుకున్నాడు. దావీదు గారు నవ్వలేదు. "నేను కమిటీల పెట్టాల్సొస్తది" అన్నారు, కొంచెం బాధగానే.

"పెట్టుండ్రి. మీరు పెట్టాల్సిందే. మాట నేనిచ్చిన గనుక తీసేది నేను తీస్త. వీళ్లెవ్వరిని అడగొద్దు."

ఎక్కడ తవ్వాలో మాత్రం ఆమెకు తెలియదు. గోడ అంతా ఒకటే నునుపు. తన పనితనం తనకే అడ్డమొచ్చింది. సోమమ్మను పిలిచి, "ఎంత ఎత్తుల ఉండె అక్కా?" అంది. సోమమ్మ ఆలోచించలేదు. గోడ ముందుకు వచ్చి, ఎడమ చేత్తో కొంగు పట్టుకొని, కుడి చెయ్యి ఎత్తింది. చేతిలో దీపం లేదు. అయినా గాలికి ఆరకుండా పట్టుకున్నట్టే పట్టుకొని, చెయ్యి గోడకు ఆనేదాకా తీసుకుపోయి ఆగింది. టీచర్ ఆ వేళ్ల చుట్టూ బొగ్గుతో గీత గీసింది. మొదటి దెబ్బ ఆమే కొట్టింది. అంత గట్టిగా పట్టిన గిలాబు అంత తొందరగా ఊడుతుందా. మేస్త్రి సాయం రాబోతే వద్దంది. చెమటకు కళ్లద్దాలు జారుతుంటే మాత్రం నన్ను పట్టుకోమని ఇచ్చింది.

పొద్దుగూకే వేళకు గూడు అయింది. అంచులు ఒక పక్కకు కొంచెం వంకర. పాతది కూడా అట్లనే ఉండేదని సోమమ్మ అంది. నిజమో, మర్యాదో తెలియదు. దీపం తెచ్చి పెట్టింది. గుమ్మం దగ్గర జనం చేరారు. ఛాయ్ హోటలు పెద్దాయన అందరిలోకి ముందు ఉన్నాడు. "టీచరమ్మా, నువ్వూ దండం పెడ్తవా ఏంది?" అని మెల్లగా చురక అంటించాడు.

"నేను గోడ సూడనీకి వచ్చిన" అంది టీచర్. "గోడ మంచిగుంది."

ఆ రాత్రి సోమమ్మ ఇంట్లోనే పడుకుంది. మర్నాడు తమ్ముడు తెచ్చిన ఆటోలో స్కూల్లో ఉన్న ఆమె సామాను ఇంటికి చేరింది. తమ్ముడు ఒక్కడే హుజూర్‌నగర్ వెళ్లిపోయాడు.

కమిటీ కూర్చుంది. జట్టు బాధ్యత దావీదు గారికి ఇచ్చారు. ఇంక టీచర్ రాదనుకున్నాం. మేమూ మానేద్దామని ఇద్దరు ముగ్గురం గొణుక్కున్నాం కూడా. శనివారం పొద్దున వ్యాన్ దగ్గరికి పోతే, ఆమె అందరికంటే ముందు ఎక్కి వెనక సీట్లో కూర్చుని ఉంది. "కోపం రాలేదా టీచర్?" అన్నాను. "వచ్చింది. ఇంటికాడ పెట్టొచ్చిన. ఇరుక్కోకుండ జరుగు, పక్కన బకెట్లు పెట్టాలె" అంది. దిగాక దావీదు గారి ముందు నిలబడి, "ఏం చెయ్యమంటరు పెద్దయ్యా" అని అడిగింది. ఆయన ఆమె ముఖం చూడకుండా, నీళ్లు మోయమన్నారు. మోసింది. నాతో పాటే మోసింది. వరద తేవద్దని ఆమెను అనే ధైర్యం నాకు లేదు.

కొన్ని వారాలకు ఇంకో ఇంట్లో, గోడలో ఒక గుంట ముందు దావీదు గారు తాపీ పట్టుకొని ఆగిపోయారు. అటూ ఇటూ చూశారు. ఇంటామెను పిలిచి, "ఇక్కడ ముందుగాల ఏముండె తల్లీ?" అని అడిగారు. నేను టీచర్ వైపు చూశాను. ఆమె ఇసుక జల్లిస్తోంది. తలెత్తలేదు. జల్లెడ మాత్రం ఒక్క క్షణం ఆగినట్టనిపించింది.

రూతమ్మ టీచర్ పోయి కొన్నాళ్లయింది. సమాధి దగ్గర చాలామంది చాలా మాట్లాడారు. ఆమె వింటే సగం కొట్టేసేది. నాకు ఇక్కడ కాలేజీలో ఉద్యోగం దొరికింది. పాత అలవాట్లున్న డిపార్ట్‌మెంటు ఒకటి నా చేతికొచ్చింది. దాన్ని చక్కదిద్దుదామని మొదటి రోజే చేతులు దురద పెట్టాయి. దురదను అట్లనే పెట్టుకొని, ఒక్కొక్కరి బల్ల దగ్గరికీ పోయి, ఇక్కడ ఇది ఎందుకుంది అని అడుగుతూ తిరిగాను. పని నిదానమని పేరొచ్చింది. మొన్నటి వానలకు మిర్యాలగూడ పక్క ఊళ్లో మా చర్చి జట్టు ఒక ముసలాయన ఇల్లు బాగుచేసింది. ఈసారి తాపీ నా చేతిలో ఉంది. గోడలో పెద్ద గుంట. పిల్లలు సిమెంటు కలిపేసి తొందరపెడుతున్నారు, గట్టిపడిపోతుంది సార్ అని. నేను ముసలాయనను లోపలికి పిలిచి, "తాతా, ఇక్కడ ముందుగాల ఏముండె?" అని అడిగాను. ఆయన దగ్గరికొచ్చి, చేత్తో తడిమి, బాగా ఆలోచించి చెప్పాడు.

"ఏం లేకుండె బిడ్డా. ఉత్త గోడనే."

ఉత్త గోడే కట్టాం.