సున్నం తెల్లగా ఉంటేనే

కళాయి పూసే మద్దిలేటి పేరెత్తితే నంద్యాలలో అందరికీ ఇత్తడి బిందెలు గుర్తొస్తాయి. నాకు మాత్రం నేనన్న మాట ఒకటి గుర్తొచ్చి సిగ్గేస్తుంది. నోరు జారింది నేను కాబట్టి చెప్పాల్సిందీ నేనే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రెండో ఏడు. ఆళ్లగడ్డ పక్క మా ఊళ్లో మా అన్న పక్షవాతంతో మంచం పడితే, సేద్యమంతా మా వదిన కమలాక్షమ్మ నెత్తిన పడింది. నేనున్నానుగా, పెద్ద తెలివిగలవాణ్ణి! మద్రాసులో ఎవరో వాడి వదిలేసిన కిరసనాయిలు ట్రాక్టరు దొరికితే, "ఎద్దులెందుకు వదినా? ఇది గడ్డి తినదు, జబ్బు పడదు" అని ఊదరగొట్టి రెండు జతల ఎద్దులనూ అమ్మించాను. ఖాళీ కొట్టం చూసి ఆమె కళ్లు తుడుచుకుంది గానీ నా మాట కాదనలేదు.

హస్త కార్తెలో మంచి వాన పడింది. ఆ పదును మీదనే దున్ని జొన్న విత్తాలి. నాలుగు ఎండలు కాస్తే నల్లరేగడి నోరు తెరుస్తుంది, ఇక ఆ ఏడు ఇంట్లో గింజ ఉండదు. సరిగ్గా అప్పుడే ట్రాక్టరు టాంకీ అడుగున కారసాగింది. నిజానికి నెల నుంచీ చెమ్మ ఊరుతూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. గుడ్డకు తారు పూసి అంటించాను. కిరసనాయిలు ఆ తారును కరిగించి గొట్టంలోకి ఈడ్చుకుపోయింది. ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. ఊరంతా నవ్వింది. నవ్వరా మరి?

నంద్యాల పోయి మద్దిలేటిని బస్సెక్కించుకొచ్చాను. యాభై ఏళ్ల బక్కపలుచని మనిషి. టాంకీ కింద వేలు పెట్టి వాసన చూశాడు.

"తారు పూసిందెవరప్పా?"

"నేనే అన్నా."

"బాగుంది నీ వైద్యం. టాంకీ విప్పు. ఈ చుట్టుపక్కల బీడీ కూడా వద్దు."

చమురు వంపేసి, చౌడుమట్టి కలిపి మరిగించిన నీళ్లతో, చమురు జిడ్డు పోయేలా, టాంకీని మూడుసార్లు కడిగాడు. గొట్టంలో తారు నాచేతే గీకించాడు. టాంకీని బోర్లించి, గొట్టం రంధ్రంలోంచి నీళ్లు నింపాడు, లోపల చమురు ఆవిరికి చోటు లేకుండా, చిల్లుకు వేలెడు కిందివరకు. బొగ్గుల కుంపటి మాత్రం ముప్పై అడుగుల దూరాన పెట్టించాడు. కాలిన కడ్డీ పట్టుకుని అక్కడినుంచి నడిచి వస్తాడు, కాస్త టంకం కరిగిస్తాడు, కడ్డీ చల్లారితే మళ్లీ వెనక్కి పోతాడు.

ఆ రోజు శుక్రవారం. ప్రతి శుక్రవారం ట్రాక్టరుకు బొట్టు పెట్టి కర్పూర హారతివ్వడం మా వదినకు అలవాటు. ఎద్దులకు ఇచ్చినట్టే దీనికీ ఇచ్చేది. పళ్లెం పట్టుకుని వస్తుంటే మద్దిలేటి కేకేశాడు.

"మంట యాడికి తెస్తాండావమ్మా? ఆడే నిలబడు!"

"వెలిగించిన హారతి వెనక్కి తిప్పకూడదప్పా," అంది వదిన చిన్నబుచ్చుకుని.

"తిప్పొద్దు. ఆడనుంచే చూపించు. దేవునికేమన్నా చూపు తక్కువా?"

వదిన అక్కడే ఆగి హారతిచ్చింది. కారే టాంకీ ముందు అంతకుముందు మూడు శుక్రవారాలు కర్పూరం వెలిగించామని అప్పుడు తట్టింది నాకు.

టంకంతో చిల్లుకు మాటు వేశాక దాని మీద సున్నం పూసి ఎండనిచ్చాడు. లోపల నీళ్లు వంపి, టాంకీ ఆరబెట్టి, రెండు రాళ్ల మీద నిలబెట్టి, చమురు పోసి ఎదురుగా కూర్చున్నాడు. "సున్నం తెల్లగా ఉంటేనే ఎక్కించేది. మచ్చ పడితే అతకనట్టే."

మధ్యాహ్నం దాటింది. చేను ఆరిపోతోందని నా ప్రాణం కొట్టుకుంటోంది. అంతలో సున్నం మీద ఆవగింజంత మచ్చ తేలింది. మద్దిలేటి లేచి, చమురు వంపి, మళ్లీ చౌడు నీళ్లు కాగబెట్టమన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఒక్క చుక్క టంకానికి మళ్లీ ఇంత తతంగమా? పొద్దున కడిగిందే కదా! కుంపటి ఈడికే తెస్తా. బిరీన కానీ అన్నా!"

అతను కడ్డీ కింద పెట్టాడు.

"మా నాయన ఒకరింట్లో కిరసనాయిలు డబ్బాకు మాటేస్తాండె. మళ్లీ కారింది. మళ్లీ నీళ్లు నింపుతానంటే ఆ ఇంటాయన ఇదే మాటన్నాడు, 'బిరీన కానీ' అని. పెద్దోళ్ల మాట కాదనలేక మా నాయన అట్లే కడ్డీ పెట్టినాడు. డబ్బా పేలింది." కడ్డీ వైపు చూస్తూ, "ఆ ముక్కలు ఏరింది నేనేనప్పా," అన్నాడు.

కొట్టం దగ్గర నిలబడి అంతా విన్న వదిన నావైపు తిరిగింది. ఆ చేను తప్ప ఆమెకు ఇంకేముంది?

"నరసింహులూ, చేను పోతే పోనీ. పోయి నీళ్లు తోడుకురా."

తోడాను. పొద్దు గుంకేవేళకు సున్నం తెల్లగా నిలిచింది. తెల్లారి ట్రాక్టరు చేలోకి దిగింది గానీ, మెరక మీది నాలుగెకరాలు అప్పటికే ఆరిపోయి ఆ ఏడు బీడుపడ్డాయి. మిగిలినదంతా మొలిచింది. మెరక గురించి వదిన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

జొన్న వెన్ను వేసినప్పుడు మద్దిలేటి మా ఊరికి కళాయి పనికొచ్చాడు.

"రాప్పా, పైరు చూద్దువు," అని పిలిచింది వదిన.

"పైరు మీరు చూసుకుంటారులేమ్మా," అంటూ నేరుగా ట్రాక్టరు దగ్గరికి పోయాడు. వంగి టాంకీ అడుగున వేలితో తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పొడిగా ఉంది," అన్నాడు. "మా నాయనకు చెప్పుకుంటా."