వదిన అంట్లు, ఆకుచుట్టు పురుగు

బస్సు డిపో వెనక వీధిలో మొక్కలు అమ్మే ఆమెను అందరూ నర్సరీ అక్క అనేవారు. ఆమె చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే చురుకు. "మొక్కలకు నోరు లేదు, వాటి వంతు కూడా నేనే మాట్లాడుతున్నా" అని నవ్వేది. భర్త పగలంతా బస్సు నడిపేవాడు. నర్సరీలో ఆమెకు తోడు భర్త అక్కగారే. వదిన మితభాషి. తన పెరట్లో గులాబీలకు అంట్లు కట్టి, వేళ్లు పట్టాక తెచ్చి ఇక్కడ అమ్మకానికి పెట్టేది.

ఆ ఏడు చిగుళ్లు వేసే వేళకు నర్సరీలో గులాబీ ఆకులు ముడుచుకోవడం మొదలైంది. కొన్ని చుట్టలు చుట్టుకున్నాయి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మొగ్గలకు చిల్లులు. నర్సరీ అక్క మందు కొట్టింది. తగ్గలేదు. ఇంకాస్త ఘాటుగా కొట్టినా తగ్గలేదు. ఒక ఆదివారం పొద్దున, జనం నిండుగా ఉన్నప్పుడు, ఒకావిడ ముడుచుకున్న రెమ్మ పైకెత్తి "ఇదేంటక్కా, తెగులా?" అని అడిగింది.

నర్సరీ అక్కకు తల తీసేసినట్టయింది. పరువు కాపాడుకోవాలన్న కంగారులో నోరు పారేసుకుంది.

"నా మొక్కలు కాదమ్మా! మా వదిన తెచ్చిన అంట్లతో వచ్చింది. ఆ పెరట్లో శుభ్రమంటూ ఉంటే కదా!"

వదిన అక్కడే కుండీల్లో మట్టి నింపుతోంది. ఆమె చేతులు ఆగిపోయాయి. నర్సరీ అక్క అంతటితో ఊరుకోలేదు. అందరూ చూస్తుండగా వదిన అంట్లన్నీ పీకించి, వెనక్కి ఈడ్చి తగలబెట్టింది. వదిన చేతులు కడుక్కుంది, చెప్పులు వేసుకుంది, వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆకులు మాత్రం ముడుచుకుంటూనే ఉన్నాయి. ఇక నింద వెయ్యడానికి ఎవరూ మిగల్లేదు. అప్పుడు గానీ ఆమె ఒక చుట్టను గోటితో విప్పి చూడలేదు. లోపల పట్టులాంటి సన్నని దారాలు, వాటి మధ్య గోధుమరంగు తలతో లేతాకుపచ్చ పురుగు. వేలు తగలగానే అది గిలగిలా కొట్టుకుంటూ వెనక్కి పాకి, దారం వదులుతూ జారి గాల్లో వేలాడింది. మందు ఎందుకు పని చెయ్యలేదో అప్పుడర్థమైంది. ఆకునే దుప్పటిలా కప్పుకున్నదాని మీద చుక్క పడితే కదా!

అదేం పురుగో తేల్చుకుందామని కొన్ని చుట్టల్ని రెమ్మలతో సహా గాజు సీసాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టింది. తాజా ఆకులు వేస్తూ వచ్చింది. పురుగు తిని తిని, చివరికి ఆ చుట్టలోనే గోధుమరంగు కాయలా బిగుసుకుపోయింది. కొన్నాళ్లకు అందులోంచి వేలిగోరంత రెక్కల పురుగు వచ్చింది. రెక్కలు మూసుకుని కూర్చుంటే చిన్న గంటలా ఉంది. రంగు అచ్చం ఎండుటాకే. సీసా పట్టుకుని వ్యవసాయ అధికారి దగ్గరికి వెళ్లింది.

"ఆకుచుట్టు పురుగమ్మా," అన్నాడాయన భూతద్దంలోంచి చూసి. "పగలు కదలదు. చీకటి పడ్డాక ఎగురుతుంది, దీపాల దగ్గరికి చేరుతుంది. ఆకు మీద చేప పొలుసుల్లా గుడ్లు పెడుతుంది. మీ దగ్గర రాత్రిళ్లు లైట్లేమైనా వెలుగుతాయా?"

ఆమెకు తన బల్బు గుర్తొచ్చింది. నర్సరీ బోర్డు రాత్రిళ్లు కూడా అందరికీ కనబడాలని గులాబీల వరస మీద గోడకు పెద్ద బల్బు పెట్టించింది తనే. ఆ గోడకు అంటుకున్న ఎండుటాకు ముక్కల్ని రోజూ పొద్దున్నే చీపురుతో దులుపుతున్నదీ తనే. అవి ఆకు ముక్కలు కావు.

ఆ సాయంత్రమే వదిన ఇంటికి వెళ్లింది. పెరడు అద్దంలా ఉంది. గులాబీల్లో ముడుచుకున్న ఆకు ఒక్కటీ లేదు. ఈ ఏడు తను అసలు ఇటు తొంగి కూడా చూడలేదు. శుభ్రం లేదని ఏ మొహం పెట్టుకుని అంది?

"వదినా, తప్పంతా నాదే. అది తెగులు కాదు, పురుగు. మీ అంట్లతో రాలేదు. నేను పెట్టిన లైటుకే వచ్చింది."

"తెలిసిందిగా, సంతోషం," అంది వదిన, ఆరేసిన బట్టలు తీస్తూ. "కానీ అమ్మాయ్, నన్నన్నది నలుగురిలో. ఇప్పుడు చెప్తున్నది గోడ చాటున."

తర్వాత వచ్చిన ఆదివారం నర్సరీ అక్క జనం మధ్య నిలబడింది. ఎప్పుడూ తడబడని గొంతు తడబడింది. "మా వదిన మొక్కల గురించి నేనన్నది అబద్ధం." చాలామందికి ఆ సంగతే తెలియదు. "ఏమన్నావక్కా?" అని అడిగారు. ప్రతివాళ్లకీ మొదట్నుంచి తన నోటితోనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజు రెమ్మ చూపించినావిడ మాత్రం బుగ్గ మీద చెయ్యేసుకుంది.

"అయ్యో, ఆవిడ దగ్గర కొనొద్దని మా వీధి మొత్తానికి చెప్పేశానే!"

నర్సరీ అక్కకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆవిడతో పాటు ఆ వీధికి వెళ్లి, తెరిచిన ప్రతి తలుపు దగ్గరా అదే మాట చెప్పింది. కొందరు నవ్వారు. కొందరు వినకుండానే తలుపు వేసుకున్నారు.

బల్బు తీయించేసింది. మందు మాని, చిగుళ్లు వేసే కాలంలో ఆకులు తిరగేసి గుడ్ల మచ్చలు గిల్లడం, చుట్టలు కనబడితే పురుగుతో సహా నలిపెయ్యడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు వదిన వచ్చి గులాబీల వరసకు అవతలి చివర కూర్చుని, ఆకులు విప్పసాగింది. కానీ అంట్లు మాత్రం తేలేదు. వాటిని తన ఇంటి గుమ్మం ముందే అమ్ముకుంటోంది. ఎవరైనా వచ్చి గులాబీ అంట్లు అడిగితే, నర్సరీ అక్క తల వంచుకుని వదిన ఇంటికి దారి చెబుతుంది.