బతికుండగా చెల్లని కాగితం

ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసులో ఆమె, నేను పదిహేనేళ్లు పక్కపక్క కుర్చీల్లో పనిచేశాం. నా భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. ఆమె పెళ్లే చేసుకోలేదు. పాతబస్తీలో అన్నయ్య కుటుంబం ఉన్నా, "వాళ్లింట్ల నేనొక మంచం ఎక్కువ అక్కా" అనేది.

రిటైరయ్యాక కలిసి ఉందామనుకున్నాం. ఆ ఏర్పాట్లు ఆఫీసు పనికంటే శ్రద్ధగా చేశాం. బుద్వేల్‌లో నాకు నచ్చిన ఇంటికి మెట్లున్నాయని వద్దన్నది. ఆరాంఘర్ దగ్గర ఇంకోటి చూస్తే, "ఈ ట్రాఫిక్‌ల అంబులెన్స్ ఎట్లొస్తది?" అని వెనక్కి తిరిగింది. చివరికి శంషాబాద్‌లోనే కింది అంతస్తులో రెండు గదులు కిరాయికి దొరికాయి. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ బిగించాకే సామాను దించనిచ్చింది. ఇద్దరం ఆరోగ్య బీమా తీసుకున్నాం. పీఎఫ్ డబ్బు ఎవరిది వాళ్ల పేరున డిపాజిట్ చేసుకున్నాం. నా దానికి ఆమె నామినీ, ఆమె దానికి నేను.

"ఇగ ఎవల ముందట చెయ్యి చాపే పని లేదక్కా" అంది బ్యాంకు బయటికి వస్తూ.

ఆ ఇంట్లో చేరిన ఎనిమిదో నెలలో ఒక పొద్దున పాలు కాస్తూ స్టవ్ దగ్గరే కూలబడింది. పక్షవాతం. దవాఖాన ఖర్చు బీమాలో పోయింది. ఇంటికి తెచ్చాకే మొదలైంది పరేషాన్. కుడి చెయ్యి లేవదు, ఒకటీ అరా తప్ప మాట రాదు. మందులు, రోజూ వచ్చి వ్యాయామం చేయించే మనిషి, ఇవేవీ బీమాలోకి రావు. నా డబ్బుతో మూడు నెలలు నెట్టుకొచ్చాను. ఆమె ఏటీఎం నంబరు ఆమె తలలోనే ఉండిపోయింది. బ్యాంకుకు వెళ్లాను.

"ఆమెకు మీరేమవుతారండీ?" అన్నాడు మేనేజర్.

"ఒక్క ఇంట్ల ఉంటం సార్. నామినీని నేనే."

"నామినీ అంటే మనిషి పోయాకేనమ్మా. ఆమె బతికున్నంతకాలం ఆ డబ్బు మీద మీకు హక్కు ఉండదు."

"బతికున్న మనిషికే కద సార్ ఖర్చు?"

ఆయన మంచివాడు. సాక్షుల ఎదుట ఆమె తన నోటితో చెబితే వేలిముద్ర తీసుకుంటానని, స్వయంగా మా ఇంటికి వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, "డిపాజిట్ తీసేయమంటారా అమ్మా?" అని అడిగాడు.

"హౌ" అంది. వాళ్లింట్లో మాట్లాడే దక్ఖనీ ఉర్దూలో అవునని. నాకు ప్రాణం లేచివచ్చింది.

ఆయన మళ్లీ, "అలాగే ఉంచమంటారా?" అన్నాడు.

"హౌ."

ఆమె ముఖం ఎర్రబడింది. ఎడమచేత్తో పరుపును కొట్టింది. ఇంకో మాట కోసం పెదాలు ఎంత కదిపినా అదే వచ్చింది. ఆయన ఫైలు మూసి, "క్షమించండమ్మా" అంటూ లేచాడు.

కోర్టు ద్వారా సంరక్షకుణ్ణి నియమింపజేసుకోవాలని, అందుకు రక్తసంబంధీకులే కేసు వేస్తే మేలని వకీలు చెప్పాడు. కబురు పెడితే ఆమె అన్నయ్య వచ్చాడు. నన్ను ఒక్క మాట కటువుగా అనలేదు.

"అక్కా, మీకు గూడ అరవై దాటె. ఒక్కలే ఎట్ల లేపుతరు? మా ఇంట్ల కోడండ్లున్నరు, చూసుకుంటరు."

ముందురోజే ఆమెను కుర్చీలోకి దించబోయి ఇద్దరం నేలమీద పడ్డాం.

"అన్నతోని పోతవా?" అని అడిగాను. "హౌ" అంది. ఇక్కడే ఉంటావా అని అడగలేదు. అడిగినా అదే మాట వచ్చేది.

అన్నయ్య వేసిన కేసు ఇంకా నడుస్తోంది. ఆదివారాలు రెండు బస్సులు మారి పాతబస్తీ వెళతాను. ఆమె వదిన చాయ్ ఇస్తుంది. శుభ్రంగా చూసుకుంటున్నారు. మొన్న నేను లేస్తుంటే ఆమె నా కొంగు పట్టుకుంది. వదిన ఒక్కొక్క వేలూ మెల్లగా విడదీసింది. నేను ఊరికే నిలబడ్డాను.