జట్కా సలాం ఒళ్లు తగ్గించిన మెరక

నేను వేసిన కమాను పట్టీ విరగడం నా జన్మలో ఒక్కసారే చూశాను. దాన్ని విరగ్గొట్టింది రాయీ కాదు, గుంటా కాదు. జట్కా తోలే అబ్దుల్ సలాం.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. లేకపోతే ఆ విరగడం ఎంత పెద్ద విషయమో మీకు తెలియదు. నా పేరు జోజప్ప. మాది పెనుగొలను. మా ఊరి బళ్లో ఐదో తరగతి దాకా చదివి, తిరువూరు వచ్చి బస్టాండు రోడ్డులో కొలిమి పెట్టుకున్నాను. జోజప్ప ఇనుప పట్టా ఎక్కించిన చక్రం అంటే రైతులు మారుమాట లేకుండా బండి కొనేవారు. ఒకసారి వాగులో బండి బోల్తా పడి చెక్కంతా ముక్కలైంది గాని నా పట్టా మాత్రం గుండ్రంగానే ఉంది. నేను లాడం కొడుతుంటే ఎద్దు కాలు లాక్కునేది కాదు. పాత బస్సుల కమాను పట్టీలు తెచ్చి, సాగదీసి, జట్కాల కింద స్ప్రింగులుగా వేసే పద్ధతి ఈ చుట్టుపక్కల మొదలుపెట్టింది నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు, పాతవాళ్లని ఎవరినైనా అడగండి.

సలాం కొత్తగా జట్కా కట్టినప్పుడు చింతబరికెలా ఉండేవాడు. బండి ముందంచున కూర్చుని, ఒక కాలు కిందికి వేలాడేసి, తిరిగే చక్రం ఆకులకు చర్నాకోల కర్ర తగిలించి టకటకలాడిస్తూ వచ్చేవాడు. ఆ చప్పుడు వింటే పిల్లలు రోడ్డు మీది నుంచి తప్పుకునేవారు. అతని గుర్రం పేరు నవాబు. పిల్లగా ఉన్నప్పుడు తెస్తే, భార్య కరీంబీ చేత్తో బెల్లం తినిపించి పెంచింది. కర్రతో చక్రాన్ని కొట్టడమే గాని గుర్రాన్ని కొట్టిన పాపం సలాం ఎరగడు.

ఒళ్లు ఎలా వచ్చిందంటే, ఊరికి అతని మీదున్న ప్రేమ వల్ల. పెళ్లివాళ్లని దింపితే భోంచేసి వెళ్లమనేవారు. పురిటికి తీసుకెళితే పాయసం. మామిడితోటకి తీసుకెళితే రసాలు. ఇంటికి వస్తే కరీంబీ వంట, అది వదిలిపెట్టేది కాదు. రోజంతా కూర్చుని చేసే పని. నాలుగైదేళ్లలో మనిషి మూడింతలయ్యాడు.

జట్కా ఎక్కినవాళ్లకు తెలుసు, దానికి తూకం ముఖ్యం. వెనక బరువెక్కితే ముందు కర్రలు పైకి లేస్తాయి. అందుకే ప్రతి జట్కావాడూ “ముందుకి జరగండమ్మా, ఇంకాస్త ముందుకి” అంటాడు. సలాం బండిలో లెక్క తిరగబడింది. ముందు కూర్చున్న అతని బరువు కర్రల మీదుగా నవాబు వీపు మీద పడేది. దాంతో “వెనక్కి జరగండి, ఇంకా వెనక్కి” అనేవాడు.

రోజూ ఆ బండిలో బడికి వెళ్లే రిబ్కా టీచరు ఒకసారి నా కొలిమి ముందే అంది. “ఇంకా వెనక్కంటే నేను రోడ్డు మీద పడతాను సలాం.”

“మీరు పడితే బండి ముందుకి తూలుతుంది టీచరుగారూ. మీ దయ, కదలకండి.”

డెబ్బై ఏడులో, మామిడికాయలు దిగే రోజుల్లో, శౌరయ్య గారు ఆ బండిలో తన తోటకి బయలుదేరారు. ఆయన మామిడికాయల వ్యాపారి. రెడ్డిగూడెం దాకా తోటలు గుత్తకి తీసుకునేవారు. ఒడ్డూ పొడుగూ సలాంకి తోడబుట్టినవాడిలా ఉండేవారు. ఊరు దాటగానే పొడుగాటి మెరక వస్తుంది. దాని మధ్యలో నవాబు ఆగిపోయింది. అదిలిస్తే కదల్లేదు. మెడ తిప్పి ఇద్దరినీ చూసింది. “నన్ను చూస్తుందా, నిన్ను చూస్తుందా?” అంటూ శౌరయ్య గారు వెనక్కి జరిగారు. టప్పుమని నా పట్టీ విరిగింది. ఇద్దరూ దిగారు. దిగగానే నవాబు, ఒక పక్కకి ఒరిగిన బండిని లాక్కుని, ఎవరూ చెప్పకుండానే మెరక ఎక్కి, పైన నిలబడి వీళ్ల కోసం ఎదురుచూసింది.

బండిని కొలిమికి తెచ్చారు. “ఇంకో రెండు పట్టీలు వేసి గట్టిచెయ్యన్నా,” అన్నాడు సలాం.

“వేస్తాను. నేను వేస్తే ఏనుగెక్కినా మోస్తుంది. గుర్రం వీపుకి పట్టీ ఎక్కడ వెయ్యను?” అని జీను ఎత్తి చూపించాను. కింద వెంట్రుకలు రాలిపోయి చర్మం ఎర్రగా కందింది. సలాం చూసి నేలమీద కూర్చుండిపోయాడు.

అప్పటికే విస్సన్నపేట నుంచి షంషేర్ అనే గుర్రాల వ్యాపారి నవాబు మీద కన్నేసి ఉన్నాడు. మర్నాడు అతను ఇంటికి వస్తే సలాం మా అందరి ముందూ మాట ఇచ్చాడు. “వచ్చే మామిడికాయలకి రండి భాయ్. నేను కూర్చుంటే ఇది ఆ మెరక ఎక్కిందా, నాది. ఎక్కలేదా, తోలుకుపోండి. నా కింద దీన్ని నలగనివ్వను.” లోపల కరీంబీ నవాబుకి ఉలవలు పెడుతోంది. ఆ మాట విని ఉలవల చెయ్యి అలాగే ఆగిపోయింది.

శౌరయ్య గారికి ఆ మెరక మీద అవమానమైంది. మద్రాసులో తెలిసిన డాక్టరుందని, పొట్ట కోసి కొవ్వు తీసేసి కుట్టేస్తారని కబురు తెచ్చారు. “ఫారిన్‌లో అయితే ఏకంగా గొట్టం పెట్టి లాగేస్తున్నారట. మన దగ్గరికి అది ఇంకా రాలేదు. నువ్వూ రా సలాం, ఖర్చు నాది. పడుకుని లేచేసరికి సన్నబడతాం.”

సలాం ఆశగా భార్య వైపు చూశాడు.

“పొట్టకి కుట్టేస్తారు సరే,” అంది కరీంబీ. “నోటికి కూడా వేస్తారా అన్నా?”

శౌరయ్య గారు నవ్వలేక నవ్వారు. ఆయన మద్రాసు రైలెక్కారు. సలాం మెరక దారి పట్టాడు.

ఆ సలహా నాదే. మెరక మొదట్లో దిగి, కళ్లెం పట్టుకుని నడవమన్నాను. మొదట్లో అతని ఆయాసం నా కొలిమితిత్తి చప్పుడు కంటే గట్టిగా వినిపించేది. నవాబే ఆగి అతని కోసం చూసేది. తర్వాత మెరకొక్కటే కాదు, ఖాళీ బండి అయితే మొత్తం దారంతా నడిచాడు. ఇంట్లో కరీంబీ అన్నం తగ్గించి జొన్నరొట్టె, ఆకుకూర పెట్టేది. ఉడికించిన ఉలవలు గుర్రానికి, ఆ నీళ్లతో చారు మొగుడికి. “ఒకే కుండ, రెండు గుర్రాలు” అని నవ్వేది. పెళ్లివాళ్ల ఇళ్లకి వెళ్లి మరీ చెప్పి వచ్చింది, మా ఆయనకి పెట్టేదేదో నాకు పెట్టండి అని.

వానలు పడేనాటికి శౌరయ్య గారు దిగారు. ఊరంతా చూడ్డానికి వచ్చింది. పొట్ట లేదు. “ఇదివరకు చర్చిలోకి నాకంటే ముందు నా పొట్ట వెళ్లేది. ఇప్పుడు ఇద్దరం ఒకేసారి వెళుతున్నాం,” అని సంతోషపడ్డారు. సలాంని పైనుంచి కిందికి చూసి, “నువ్వు చెప్పులు అరగదీశావు, నేను మంచం మీద పడుకుని తగ్గాను. ఏమంటావు?” అన్నారు.

సలాం చొక్కా కిందికి లాక్కున్నాడు. అతను తగ్గింది చొక్కా గుండీకి తప్ప ఎవరికీ తెలియనంత. ఆ సాయంత్రం ఒక నిఖాలో కూర్చుని, ఇన్నాళ్లదీ కలిపి బిర్యానీ తినేశాడు. ఇంటికొచ్చి “షంషేర్‌కి కబురు పెట్టు, గుర్రాన్ని ఇప్పుడే ఇచ్చేద్దాం” అన్నాడట. కరీంబీ తిట్టలేదు. పొద్దున్నే తనే కళ్లెం పట్టుకుని వీధిలోకి వచ్చింది. “నేను నడుస్తున్నాను. నువ్వు బండిలో కూర్చుంటావా?” అంది. తిరువూరు నడివీధిలో భార్య గుర్రాన్ని నడిపిస్తుంటే జట్కాలో కూర్చునే మగాడెవడు? సలాం దిగాడు. ఆ చలికాలమంతా ముగ్గురూ కలిసే నడిచారు.

నాకు తెలిసినంతవరకు ఒళ్లు తగ్గడం చక్రానికి పట్టా ఎక్కించడం లాంటిది కాదు, ఒకసారి బిగించి వదిలేస్తే కుదరదు. కొలిమిలో నిప్పులాంటిది. ఊదుతూనే ఉండాలి. శౌరయ్య గారు పట్టా అనుకున్నారు. డాక్టరు తన పని తాను చక్కగా చేశాడు, పొట్ట మీద చాలావరకు తగ్గినట్టే ఉంది. కానీ ఆయన తిండి ఆయనదే, బండి మీద కూర్చోవడం ఆయనదే. కొవ్వు ఇంకో వీధి చూసుకుంది. వీపుకి వచ్చింది, చంకల కిందికి వచ్చింది, మెడ మీద మడత పడింది. మద్రాసులో కుట్టించుకున్న చొక్కాలు పండగల నాటికే పట్టకుండా పోయాయి.

మామిడి పూత రాలి పిందెలు పడే రోజుల్లో ఒక పొద్దున జట్కా నా కొలిమి ముందు ఆగింది. రిబ్కా టీచరు ఎక్కి, అలవాటు ప్రకారం వెనకంచుకి జరిగి కూర్చుంది. సలాం ఎగిరి ముందు కూర్చున్నాడు. ముందు కర్రలు కొంచెం పైకి లేచాయి. నవాబు చెవులు రిక్కించింది. సలాంకి ఏమైందో అర్థం కాలేదు, కిందికి చూశాడు, పైకి చూశాడు. అప్పుడు నెమ్మదిగా అన్నాడు.

“టీచరుగారూ, కొంచెం ముందుకి జరగండి.”

నేను సుత్తి కింద పెట్టాను.

“ఏంటి?” అంది టీచరు.

“ముందుకి జరగండి.”

“ఇంకొకసారి చెప్పు.”

“ముందుకి జరగండి టీచరుగారూ, బడికి వేళవుతోంది,” అని నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు. చాలా రోజుల తర్వాత ఆ పొద్దున చక్రం ఆకులు మళ్లీ టకటకలాడాయి.

కాయలు దిగాయి. షంషేర్ వచ్చాడు. బండిలో అతనూ, శౌరయ్య గారూ, బరువుకని ఒక మామిడిపళ్ల గంపా. నా పట్టీ ఎలా మోస్తుందో చూడాలని నేనూ ఎక్కాను. మెరక రాగానే సలాం అలవాటుగా దిగబోయాడు.

“అదేంటి భాయ్, కూర్చుని కదా తోలాలి,” అన్నాడు షంషేర్.

సలాం కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి, దువా చదువుకుంటున్నాడు. నేనూ నాకు తెలిసిన జపం చెప్పుకున్నాను. మెరక మధ్యలో, పోయినేడాది ఆగిన చోటికి వచ్చేసరికి నవాబు అడుగు నెమ్మదించింది. ఎవరూ ఊపిరి తీయలేదు. సలాం “బేటా” అన్నాడంతే. అది ఒక్కసారి తల విదిల్చి, మెడ వంచి, పైదాకా లాగేసింది. పైన కూడా ఆగలేదు. తోట గేటు దగ్గర మేమే ఆపాల్సి వచ్చింది. నా పట్టీ కిర్రుమనలేదు, అది కూడా రాసుకోండి.

షంషేర్ దిగి జీను కింద చెయ్యి పెట్టి చూశాడు. వెంట్రుకలు మళ్లీ నల్లగా, ఒత్తుగా వచ్చాయి. “నాకు గుర్రం దొరకలేదు. కనీసం పళ్లైనా పెట్టండి,” అన్నాడు. శౌరయ్య గారు గంప అతని ముందుకి తోశారు. తను ఒక పండు తీసుకుని, చూసి, మళ్లీ గంపలో పెట్టేశారు.

“సలాం, రేపటి నుంచి నన్ను మెరక కింద దింపెయ్.”

“దింపి?”

“దింపి ఏముంది, నడుస్తాను. ఈసారి కోయించుకోవాలంటే వీపు కోయించుకోవాలి. ఒళ్లంతా కుట్లేసుకోడానికి నేనేమన్నా చొక్కానా?”

మర్నాడు పొద్దున నా కొలిమి ముందు నుంచి ఆ బండి వెళ్లడం చూశాను. కుడిపక్క సలాం నడుస్తున్నాడు, ఎడమపక్క రొప్పుతూ శౌరయ్య గారు. మెరక దాకా కూడా ఎక్కలేదు, ఊళ్లోంచే నడక. తోటలో పచ్చడికాయలు ఏరుకోవడానికి బయలుదేరిన కరీంబీ ఒక్కతే లోపల, ముసుగు సర్దుకుని, మహారాణిలా కూర్చుంది.

“చెల్లెమ్మా, బండి బేరమంతా నీదేనా?” అని అడిగాను.

“ఏం చెయ్యనన్నా, వీళ్లిద్దరూ ఎక్కరంట,” అని, మొగుడి వైపు తిరిగి అడిగింది. “ఏమయ్యో, ముందుకి జరగాలా, వెనక్కి జరగాలా?”

“నీ ఇష్టం,” అన్నాడు సలాం. నవాబు దారి చూసుకుంటూ పోతోంది.