ఆగస్టులో రోకటి చప్పుడు

పెట్రిన్ మావ్షీ ఏడాదిలో తొమ్మిది నెలలు ఎండు బొంబిల్ చేపలు అమ్ముతుంది. మిగిలిన మూడు నెలలు, మార్చి నుంచి మే దాకా, ఊళ్ళో పదకొండు ఇళ్ళకు మసాలా దంచుతుంది. వసై పక్కనున్న మా ఊళ్ళో ఆమెను మావ్షీ అని పిలవనివాళ్ళు లేరు; పిన్ని వరస అన్నమాట. భర్త ఇంత్రు పెళ్ళిళ్ళ బ్యాండులో బాకా ఊదేవాడు. ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. అప్పటికి ఆమెకు ముప్పై నిండలేదు. ఆ మరుసటి వేసవిలో అత్తగారి రోకలి అందుకుంది. అవతలి రోకలి ఆడపడుచు క్రిస్టలీన్‌ది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి పోటు మార్చి పోటు వేస్తుంటే ఆ చప్పుడును బట్టి ఈ రోజు ఏ ఇంట్లో మసాలానో ఊరంతా చెప్పేసేది.

ఇక్కడి క్రైస్తవుల ఇళ్ళల్లో ఏడాదికి సరిపడా మసాలా ఒక్కసారే దంచి, ముదురు రంగు బీరు సీసాల్లో కర్రతో కూరి, మూతికి గుడ్డ బిగించి, చీకటి గదిలో పెట్టుకుంటారు. దాన్ని సీసా మసాలా అంటారు. పందిమాంసానికైనా, బాతుకైనా, సొరకాయ రొయ్యల పులుసుకైనా అదే. ఇరవై ఏడు దినుసులని ఒకరంటారు, ముప్పై అని ఇంకొకరంటారు. ఏ ఇంటి పాళ్ళు ఆ ఇంటివే. అత్తగారికి మనసైన రోజున కోడలికి చెబుతుంది, అదీ తలుపులు మూసి. దినుసులన్నీ ఇల్లాలే వేయించి, కలిపి, మూటకట్టి రోలు దగ్గర పెడుతుంది. దంచేవాళ్ళకు మూట తప్ప మరేమీ తెలియకూడదు. కానీ మూడు గంటలు రోలు మీద వంగి ఉన్న మనిషి ముక్కు ఎక్కడ దాచుకుంటుంది? పని అయ్యాక గుప్పెడు బియ్యం దంచి రోలు శుభ్రం చేస్తారు. ఆ బియ్యం ఆ ఇంట్లోనే ఉండిపోవాలి. గడప దాటేముందు దంచినవాళ్ళు కొంగు విప్పి దులిపి చూపించాలి. ఈ ఇంటి పొడి మరో ఇంటికి పోవడం లేదని.

హిల్డా బాయి ఇంటి మసాలా అంటే ఊళ్ళో ఒక లెక్క. ఒక ఏడాది ఏప్రిల్‌లో పన్నెండు సీసాలు నింపించింది. జూన్‌లో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట, రెండూ పోయాయి. జులై వానలకు వీధిలో నీళ్ళు మోకాళ్ళ దాకా లేచి చీకటి గదిలోకి వెళ్ళాయి. కింది అరలో ఉన్న పదకొండు సీసాలూ తడిసి బూజు పట్టాయి. వంటింట్లో ఉన్న అర సీసా ఆగస్టు మొదటి వారంతో అయిపోయింది.

కోడలు లోర్నాకు పాళ్ళు తెలియవు. అడిగేందుకు మిగిలిన మనిషి మాట్లాడలేదు. బజారు గరం మసాలాలో కాశ్మీరు కారం కలిపి వండింది. హిల్డా మొదటి ముద్ద నాలుకతో బయటికి నెట్టేసింది. నువ్వులూ ధనియాలూ వేయించి నూరి కలిపింది. మళ్ళీ అంతే. ఎదురింటి ఎర్మెలీన్ తన సీసా తెచ్చిచ్చింది.

"మా మసాలా తిని చచ్చినవాళ్ళు లేరులే, పెట్టు మీ అత్తకి."

హిల్డా ఆ ముద్దను ఎర్మెలీన్ ముందే ఊసేసింది. ఆ తర్వాత గంజి కూడా రెండు చెంచాలకు మించి పోలేదు. చెంపలు లోపలికి పోయాయి. ఇలాగే అయితే ఎక్కువ రోజులు లాగదని డాక్టరు అనేశాడు.

లోర్నా పెట్రిన్ అరుగు మీదికి వచ్చి కూర్చుంది. నేను పక్క వాటాలో ఉంటాను, మా ఇద్దరి అరుగూ ఒకటే.

"మావ్షీ, నీకు తెలుసు. తెలీదనకు."

"నాకు చేపలు తెలుసమ్మా. రెండు కట్టలు పట్టుకెళ్ళు."

"ముప్పై ఒక్క ఏళ్ళు మా రోట్లో దంచావు. ముక్కు ఎక్కడ పెట్టేదానివి?"

"మీ గడప బయట, చెప్పుల పక్కన."

లోర్నా నవ్వలేదు. "ఆవిడ పోతే ఆ పాళ్ళు ఎవరికోసం దాస్తావు?" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు పెట్రిన్ హిల్డాను చూడ్డానికి వెళ్ళింది. మంచం పక్కన కూర్చుని అడిగిందట: "బాయీ, నీ కోడలికి చెప్పనా? ఊఁ అనక్కర్లేదు. ఒకసారి రెప్ప వెయ్యి, చాలు."

హిల్డా కళ్ళు తెరిచే ఉంచింది. నీళ్ళు కారినా రెప్ప వెయ్యలేదు.

పెట్రిన్ ఇంటికొచ్చి రెండు రోజులు బొంబిల్ బుట్ట ముట్టుకోలేదు. మూడో రోజు వానలోనే బజారుకెళ్ళి చిన్న చిన్న పొట్లాలు తెచ్చుకుంది. కోడలికి చెప్పదు, తనే దంచి, పొడి మాత్రం ఇస్తుంది. చెప్పడం వేరు, ఇవ్వడం వేరు అని తనకు తాను నచ్చజెప్పుకుందేమో. మధ్యాహ్నం నేను పుస్తకం పట్టుకుని ఉండగా రోకటి పోటు వినిపించింది. ఒక్క రోకలే. క్రిస్టలీన్‌ను కూడా పిలవలేదు. ఈ ఊళ్ళో ఆగస్టులో రోకలి చప్పుడు నేను అంతకు ముందెన్నడూ వినలేదు.

ఎర్మెలీన్ వీధిలోకి వచ్చింది.

"ఏమే పెట్రిన్, నీకు ఏప్రిల్ వచ్చేసిందా?"

"ఎలకల మందు దంచుతున్నా. నీకూ ఓ పొట్లం కట్టనా?"

"ఎలకలకి మాచిపత్రి మాడ్చి పెడుతున్నావా?"

రోకలి ఆగిపోయింది.

హిల్డా మాచిపత్రిని నల్లబడేదాకా పెనం మీద వేయించేది తలుపులూ కిటికీలూ మూసుకుని. పెట్రిన్‌ది ఒక్క గది. వానపూట పొగకు ఊపిరాడక కిటికీ తీసి పెట్టింది. పాళ్ళన్నీ గుర్తుంచుకున్న మనిషికి ఆ ఒక్కటీ తట్టలేదు. పొద్దు గూకేలోగా హిల్డా మసాలా రహస్యం మాచిపత్రి అని సందు సందంతా చెప్పుకున్నారు.

ఆ పొడి వేసి ఆ పూటే లోర్నా సొరకాయ రొయ్యలు వండింది. పెట్రిన్ తలుపు పక్కనే నిలబడింది. హిల్డా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు ఉంచుకుంది. మింగింది. పెట్రిన్ వైపు ఒక్కసారి చూసి, ముఖం గోడ వైపు తిప్పుకుంది. అలా తిప్పుకునే నోరు తెరిచింది. కంచం ఖాళీ అయ్యేదాకా తిరిగి చూడలేదు.

పెట్రిన్ వెళ్ళబోతూ గడప దగ్గరికి వచ్చింది. అప్పుడు హిల్డా ఎడమ చెయ్యి లేపి, వేలితో ఆమె కొంగు చూపించింది.

లోర్నా నవ్వింది. "చూశావా మావ్షీ, తిండి పడేసరికి వేళాకోళం కూడా వచ్చింది మా అత్తకి." పెట్రిన్ కొంగు విప్పి దులిపింది. దాంట్లోంచి ఏమీ రాలలేదు.

హిల్డా కోలుకుంది. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని వరండా దాకా వస్తుంది. మరుసటి ఏప్రిల్‌లో పదకొండు ఇళ్ళలో మూడే పెట్రిన్‌ను పిలిచాయి. తక్కినవాళ్ళు మిల్లుకు పంపారు. అక్కడ మర పట్టేవాడికి ఏ మూట ఎవరిదో పట్టదు. ఎర్మెలీన్ మాత్రం మొహం మీదే అంది, "మాదీ ఎవరికైనా జబ్బు చేస్తే వీధిలో దంచుతావు కదా" అని. హిల్డా ఇంటి నుంచి కబురొచ్చింది. పెట్రిన్ వెళ్ళి దంచి వచ్చింది.

ఆ రోజు సాయంత్రం అరుగు మీద బొంబిల్ తలలు తుంచుతూ కూర్చుంది. హిల్డా మనసు మారినట్టేనా అని అడిగాను.

"ఇవాళ నా కొంగు వైపు వేలు చూపించలేదు. నేను దులుపుతుంటే చూడనే లేదు, లోపలికెళ్ళిపోయింది," అంది. ఇంకో చేప తీసింది. "ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిడ అడక్కుండానే దులిపానండీ. ఆ ఒక్క రోజు అడిగింది."

తుంచిన తలలు బుట్టలో వేసి, ఒళ్ళో పొలుసు దులుపుకోవడానికి లేవబోయి, మళ్ళీ కూర్చుండిపోయింది.