కింగ్‌స్టన్‌లో సగం కరెంటు, నా ఊరిబిండి

ఈ సంగతి నేను ఎత్తుకుంటే మా గదిలో ఒక్కడూ చివరిదాకా వినడు. ఒకడు ఫోనులో తల దూరుస్తాడు, ఒకడు బట్టలు ఆరేయడానికి లేస్తాడు. అసలు ముద్దాయి మా బావ మాత్రం సరిగ్గా అప్పుడే కారు కడగలేదని గుర్తు తెచ్చుకుంటాడు. ఇన్నేళ్ళు ఓపిక పట్టాను, ఇక మీరైనా వినండి. నేను కువైట్‌కు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు మీసం తక్కువ, పౌరుషం ఎక్కువ. సబా అల్ సలేంలో ఒక పెద్దింట్లో బావ డ్రైవరు, నేను అతని కింద కార్లు కడిగేవాణ్ణి. మా అక్క మొగుడే కదా, చూసీ చూడనట్టు పోతాడనుకున్నాను. పోలేదు. నేను తుడిచిన అద్దం మీద వేలితో గీత గీసి, "ఏందబ్బీ, దుమ్ము నీకు సుట్టమా? సాగనంపబుద్ధి కాలేదా?" అనేవాడు. ఆ వేలిని నేను మరిచిపోలేదు.

ఆ వేలి కింద నుంచి నన్ను బయట పడేసే దారి ఊరిబిండి చూపించింది. (దాన్ని పల్లీల చట్నీ అంటే మా కడప జిల్లావాళ్ళకు కోపం వస్తుంది.) ఊరి నుంచి తెచ్చుకున్న మిక్సీలో చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు వేసి రుబ్బుకుంటుంటే, ఆ వాసనకు ఇంటి యజమానురాలు (అరబీలో అమ్మ అని మేమంతా ఆమెను 'మామా' అంటాం) వచ్చి, రొట్టె ముక్కతో రుచి చూసి, గిన్నె పట్టుకునే వెళ్ళిపోయింది. అప్పుడే పాత వంటాయన పని మానేసి తన ఊరికి వెళ్ళిపోతున్నాడు. మామా కూతురు, భర్త ఉద్యోగం వల్ల, కరీబియన్ సముద్రంలోని జమైకాలో కింగ్‌స్టన్ అనే ఊళ్ళో ఉంటోంది. "అక్కడ నా కూతురు విందు చేస్తోంది, నువ్వూ రా. నీ చట్నీ నచ్చిందా, వంటిల్లు నీది. లేదా, ఖలాస్, మళ్ళీ కార్లే" అంది మామా.

ఇక ప్లగ్గు సంగతి. కువైట్ గోడలకు పలకగా మూడు బెజ్జాలుంటాయి, మా మిక్సీకి గుండ్రంగా రెండు పిన్నులు. పై బెజ్జంలో ప్లాస్టిక్ దువ్వెన తోక గుచ్చితే కింది రెండింటి మూతలు తెరుచుకుంటాయి, అప్పుడు పిన్నులు తోసెయ్యడమే. (మీరు చెయ్యకండి. మేమందరం చేసేవాళ్ళం.) కింగ్‌స్టన్ గోడలు ఎలా ఉంటాయోనని నాకు బెంగ. బావ షువైఖ్ వెళ్ళి అంగట్లో ఒక అడాప్టరు కొనుక్కొచ్చాడు.

"బావా, ఆడి కరెంటూ మన కరెంటూ ఒకటేనా?"

"కరెంటుకు ఇఖామా కావల్నా అబ్బీ, దేశానికొకటి? పిన్ను దూరితే తిరగతాది. యల్లా, పెట్టె సర్దుకో." (ఇఖామా అంటే కువైట్‌లో ఉండనిచ్చే అనుమతి కార్డు.)

"అంగడాయన ఏమన్నా సెప్పినాడా?"

"సెప్పినాడు లే..." అని బావ చిన్నగా దగ్గాడు. "మంచి సరుకే అన్నాడు."

ఆ దగ్గును గుర్తుపెట్టుకోండి.

కింగ్‌స్టన్ వంటింటి గోడకు రెండు సన్న గాట్లు, వాటి కింద ఒక గుండ్రటి బెజ్జం, నన్ను చూసి నోరు తెరిచిన మొహంలాగా. అలవాటు కొద్దీ ఆ నోట్లో దువ్వెన పెట్టాను. "నా గోడను ఏం చేస్తున్నావు?" అని మామా కూతురు కేక వేసింది. "తలుపు తీస్తున్నానమ్మా" అన్నాను, వచ్చిన అరబీలో. తీరా చూస్తే తలుపే లేదు, అడాప్టరు హాయిగా దూరింది. మిక్సీ మీట తిప్పాను. అది మూలిగింది, బద్ధకంగా నాలుగు చుట్లు తిరిగింది, చెనిక్కాయలు తగలగానే నిలబడిపోయింది. కాలిన వాసన వస్తే పిన్ను పీకేశాను.

"ఇక్కడ వోల్టేజీ నూటపది. మన కువైట్‌లో రెండువందల నలభై" అంది ఆమె. "ఫోను చార్జరైతే రెండిటికీ సర్దుకుంటుంది. మోటార్లు సర్దుకోవు. పిన్ను మార్చితే కరెంటు మారుతుందా? ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. గేటు దగ్గర అతిథుల కార్లు ఆగుతున్నాయి. నా కళ్ళ ముందు బావ వేలు.

అప్పుడు కనిపించింది, హాల్లో మూలన అలంకారానికి పెట్టిన చెక్క రోలు. దాని నిండా గుడ్డపూలు. పూలు సోఫాలో పోసి, రోలు కడిగి, దాని రోకలితోనే దంచడం మొదలుపెట్టాను. ప్రతి పోటుకూ బావ పేరే. ఊరిబిండి బరకబరకగా వచ్చింది. అతిథులు వేళ్ళు నాకారు. కూతురు తల్లి వైపు తిరిగి, "మామా, ఇది ఇన్నాళ్ళూ నా దగ్గర దాచావా?" అని అలిగింది. మామా నా వైపు చూసి, "వంటిల్లు నీది" అంది. నేను సంతోషంతో గాల్లో తేలుతుండగానే, "ఇకమీదట మిషన్ వద్దు, చేత్తోనే" అంది. ఆ రోలు నాతోపాటే కువైట్ వచ్చింది.

నేటికీ అదే వంటిల్లు, అదే రోలు. మిక్సీ బీరువా మీద మూటకట్టి ఉంది. వాన రాకపోయినా నా కుడి భుజం నొప్పి పుడుతుంది. కార్లు తప్పించుకున్నానని విమానంలో రోలు మీద చెయ్యి వేసుకుని కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, పాపం, వాడికేం తెలుసు. బావకు జుట్టంతా తెల్లబడింది. రోజూ మధ్యాహ్నం నా వంటింటికే వచ్చి, ఊరిబిండి గిన్నెను ఆ వేలితోనే తుడిచి, "ఇంగొంచెం మెత్తగా దంచింటే బాగుండు అబ్బీ" అంటాడు.

బావా, అందరి ముందే అడుగుతున్నాను. షువైఖ్ అంగడాయన నీకు వోల్టేజీ సంగతి చెప్పినాడా, లేదా? నేను మళ్ళీ నీ కిందికే రావాలని దాచిపెట్టినావా, నిజంగానే నీకు తెలీదా? దగ్గొద్దు. ఆ ముద్ద మింగి జవాబు చెప్పు.