వాకిట్లో గీసిన దేశాలు

మా ఇంట్లో ఇప్పటికీ ఒకటే మాట... నాకు చిన్నప్పటి నుంచీ ఫారిన్ పిచ్చి అని. అట్లాస్ పట్టుకుని కూర్చున్న పిల్లని చూసి వాళ్ళే అనుకున్నారు, వాళ్ళే ఊరంతా చెప్పారు. ఎందుకు కూర్చున్నానో ఒక్కరూ అడగలేదు.

మాది చర్ల దగ్గర అడవి పల్లె... రెండువేల ఐదారు ప్రాంతం. అప్పుడు ఖమ్మం జిల్లా. వాగు దాటితే ఛత్తీస్‌గఢ్. మా మేనత్తని ఆ ఒడ్డుకే ఇచ్చారు. అక్కడ బడి సరిగ్గా నడవక, ఆమె కూతురు ముత్తమ్మ మా ఇంట్లో ఉండి నాతోపాటు చదివేది. నాకంటే కాస్త పెద్ద... వదినా అని పిలిచేదాన్ని.

ఐదో తరగతిలో సారు గోడకి ప్రపంచ పటం తగిలించి చెప్పేవారు... మనకి జిల్లాలు, మండలాలు ఉన్నట్టే స్విట్జర్లాండ్‌లో కాంటన్లు, జపాన్‌లో ప్రిఫెక్చర్లు ఉంటాయని. నోరు తిరగని ఆ పేర్లంటే మాకెంత ఇష్టమో! ఆదివారం వస్తే పొయ్యిలో బూడిద చాటలో పోసుకుని వాకిలంతా దేశాలు గీసేవాళ్ళం. ఇప్పపూలు ఆరబోసిన చాప పక్కన జపాన్... కోళ్ళగంప చుట్టూ స్విట్జర్లాండ్. అమ్మ చీపురు తీసుకుని వస్తే ప్రభుత్వాలన్నీ ఒకేసారి పడిపోయేవి.

నేను గీతలు తిన్నగా గీసేదాన్ని. వదిన వంకర్లు తిప్పేది. ఒకసారి వాగుకి చెరో ఒడ్డున ఉన్న రెండు ఇళ్ళని ఒకే కాంటన్‌లో కలిపేసింది. రెండూ ఒకే వేల్పుని కొలిచే ఇళ్ళట. మా కోయ ఇళ్ళలో వేల్పు కొలుపంటే వాగుకి అటూ ఇటూ ఉన్న చుట్టాలంతా ఒక్కచోట చేరాల్సిందే కదా...

"ఒక్క వేల్పోళ్ళను రెండు సర్కార్లకు ఎట్ల పంచుతరే? పండుగకు కూర ఎవలు వండాలె?"

వదిన అడిగిన ఆ సంగతి సారు చెప్పలేదు.

ఆరో తరగతికి హాస్టల్ సీటు కోసం నాయన మా ఇద్దరినీ భద్రాచలం బస్సెక్కించాడు. ఇద్దరికీ ఒకే తానులో కుట్టించిన గౌన్లు. హాస్టల్ ఆఫీసులో సీట్లు చూసే ఆయన మర్యాదగానే మాట్లాడాడు. నా కాగితాలు తీసుకుని, వదినవి నాయన చేతిలో పెట్టాడు.

"పిల్ల మంచిగనే చదువుతది అన్నా... కానీ అవతలి రాష్ట్రం. మా చేతుల లేదు."

తిరుగు బస్సులో వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చర్లలో దిగాక ఒక్కటే అడిగింది.

"కాంటన్లల్ల గూడ గిట్లనే అంటరానే?"

అది కనుక్కోవడానికే నేను అట్లాస్ పట్టుకున్నాను. ఎక్కడికో వెళ్ళిపోవడానికి కాదు... ఏ దేశంలో అయితే వదిన నా పక్కన కూర్చుని చదువుకునేదో వెతకడానికి. నేను హాస్టల్‌కి వెళ్ళాను. ఆమె వాగు దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ బడి మొహం చూడలేదు.

ఆ తర్వాత మా ఊళ్ళు ఎక్కడికీ కదల్లేదు... గీతలే కదిలాయి. మా రాష్ట్రం మారింది. జిల్లా మారింది. భద్రాచలాన్ని ఆనుకున్న ఊళ్ళు కొన్ని ఆంధ్రాలోకి వెళ్ళాయి. ఇంత తేలిగ్గా జరిగే గీత, ఆ ఏడాది ఒక్క వాగు వెడల్పు జరిగి ఉంటే ఏం పోయేది?

మీ ఇళ్ళలోనూ ఇలా అవతలే ఉండిపోయినవాళ్ళు ఉంటే... వాళ్ళ పేర్లు కింద రాయండి. చదవాలని ఉంది.

వదిన కూతురు ఈ ఏడు ఐదో తరగతి పూర్తి చేసింది. ఇంట్లో వాళ్ళు నన్ను కెనడా పంపే మాటల్లో ఉన్నారు. నేను వెళ్ళడం లేదు. పిల్ల పాల్వంచలో నా కిరాయి గదిలో ఉండి, ఏ రాష్ట్రమని అడగని, నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడిలోనే ఆరో తరగతి చదువుతుంది.